పగులుకు పడాల్సింది పుట్టీ కాదు, నార

సంపాదకులకు,

ఫైబర్ (గాజునారను రెసిన్ అనే జిగురుతో గట్టిపరిచినది) బానెట్టుకో, బాడీ కిట్టుకో పగులు వస్తే పైన పుట్టీ మెత్తి, రంగు కొట్టి పంపడం షెడ్లలో మామూలైపోయింది. కొన్నాళ్లకు అదే చోట వెంట్రుకంత గీత మళ్లీ తేలుతుంది. 'ఫైబర్ అంతేనండీ, నిలవదు' అంటారు. అది తప్పు. అమెరికాలో కార్వెట్ కారుకు 1953 నుంచీ ఫైబర్ బాడీయే. నిలవనిది పుట్టీ. అందులో లాగుడుకు ఆగే నార లేదు. పగులును గాజునార గుడ్డ పొరలతో, ఎపాక్సీతో (హార్డెనర్ కలిపితే గట్టిపడే రెసిన్) అతకాలి.

ముందు ప్యానెల్ వెనక్కి తిప్పి చూడండి, ఫైబర్ అయితే గాజునార కనిపించాలి. చాలా బంపర్ల వెనక 'పీపీ' (పాలీప్రొపిలీన్) అని అచ్చు ఉంటుంది. ఆ ప్లాస్టిక్‌కు ఎపాక్సీ పట్టదు, వేడితో అతకాలి.

ఫైబరే అయితే గ్రైండర్ పెట్టకముందే జిడ్డు, వ్యాక్స్ తుడవాలి. తర్వాత చూద్దాంలే అనుకుంటే ఎమరీ కాగితమే ఆ మైనాన్ని లోపలికి రుద్దేస్తుంది. పగులు చివర 3 మి.మీ. రంధ్రం వేస్తే ముందుకు పాకదు. ప్యానెల్ మందం 3 మి.మీ. అయితే పగులుకు అటూ ఇటూ 36 మి.మీ. దాకా ఏటవాలుగా అరగదీయాలి. పట్టంతా ఆ వాలులోనే ఉంది.

పాలిస్టర్ రెసిన్‌కు అలవాటుపడ్డ చేయి పొరపడేది కలిపేటప్పుడే. అందులో కేటలిస్ట్ (గట్టిపడేలా చేసే మందు) కాస్త అటూ ఇటూ అయినా గట్టిపడుతుంది. ఎపాక్సీ హార్డెనర్ అలా కాదు, రెసిన్‌తో కలిసి అతుకులో భాగమైపోతుంది. అరాల్డైట్ ఎల్‌వై 556 అనే ఎపాక్సీ రెసిన్ వాడితే 100 గ్రాములకు హెచ్‌వై 951 అనే హార్డెనర్ సరిగ్గా 10 గ్రాములు, అదీ తూకం వేసి. త్వరగా ఆరాలని 15 పోస్తే మిగులు హార్డెనర్ లోపలే ఉండిపోయి అతుకు బలం పోతుంది. లోతు గ్లాసులో ఎక్కువ కలిపితే వేడెక్కి, పొగ కక్కి గడ్డకడుతుంది. వెడల్పు పళ్లెంలో కొంచెం కొంచెంగా కలపండి.

మామూలు మ్యాట్ (గాజునార తునకలను బంకతో అతికించిన పరుపు) కూడా వద్దు. చాలా మ్యాట్‌లలో నారను పట్టి ఉంచే బంక పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రవానికి కరుగుతుంది గానీ ఎపాక్సీకి కరగదు. తడవని చోట తెల్లమచ్చలు కనిపిస్తాయి. నేసిన గ్లాస్ క్లాత్‌నే (గాజునార గుడ్డ) ఎపాక్సీతో తడిపి, అరగదీసిన మందం నిండేదాకా, పొరపొరకూ బుడగ లేకుండా రోలర్‌తో నొక్కుతూ వేయాలి.

మర్నాడు పైన జిడ్డుగా తగిలితే పచ్చిగా ఉందని కంగారుపడి హార్డెనర్ పూయొద్దు. తేమ గాలికి హార్డెనర్ పైకి తేలి కట్టిన పొర అది, వానాకాలం కోస్తాలో మరీ ఎక్కువ. గీరుడు పీచుతో మంచినీళ్లు పోసి కడిగితే పోతుంది. కడగకుండా రంగేస్తే పెచ్చులూడుతుంది.

పూర్తి బలం రావడానికి మామూలు వేడిలో వారం పడుతుంది. సాయంత్రానికే బండి కావాలనే యజమానులు దయచేసి ఇది గమనించాలి. తొందరపడి రంగేస్తే ఎండకు రెసిన్ ఇంకా కుంచించుకుని, క్లాత్ నేత పైకి అచ్చుపడుతుంది.

షెడ్లలో కుర్రాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని గ్రైండర్ పడుతున్నారు. గాజుధూళికి అది చాలదు, మాస్కు కొనివ్వండి. చేతికంటిన ఎపాక్సీని థిన్నర్‌తో కడగనివ్వొద్దు, చర్మంలోకి ఇంకా దిగుతుంది. సబ్బూ నీళ్లే వాడాలి.

ఇట్లు,
ఫైబర్ బాడీ పనివారు, విజయవాడ