డ్రైను పూడికకూ ఒక గడువు పెట్టండి

సంపాదకుల వారికి,

వాతావరణ మార్పుల మీద మీ పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా కత్తిరించి దాచుకుంటాను. మాది కోవూరు మండలం. నేనూ మా ఆయనా మూడెకరాలు కౌలుకు చేస్తున్నాం.

2021 నవంబరులో గ్లాస్గోలో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సభలో, 2070 నాటికి కర్బన ఉద్గారాలను నికర సున్నాకు, అంటే గాలిలోకి వదిలినంతా తిరిగి తీసేసే స్థాయికి, తెస్తామని మన దేశం మాట ఇచ్చింది. అదే నెలలో పెన్న పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. మేం నారు పోసి అప్పటికి పద్దెనిమిది రోజులు. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే మడి మీద మోకాలెత్తు ఇసుక మేట. పైన తెల్లగా ఆరినట్టే ఉంది, కాలు పెడితే దిగబడిపోతోంది. కయ్య గట్టు ఎక్కడుందో గడ్డపారతో పొడిచి వెతుక్కున్నాం. ట్రాక్టరు బాడుగ, రెండోసారి విత్తనాలు అన్నీ అప్పే. పాసుపుస్తకం మా పేరున లేదు కాబట్టి సాయం మా దాకా రాలేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మమ్మల్ని ముంచింది ఏరు కాదు, వాన నీళ్లే. పొలాల్లో నీళ్లు బయటికి పోయే డ్రైను నిండా జమ్ము, గుర్రపుడెక్క. నీళ్లు పోయే దారి లేక నాలుగు రోజులు నిలిచాయి, నాట్లు కుళ్లిపోయాయి. పూడిక తీయమని అంతకు ముందే మూడేళ్లు అర్జీలు పెట్టుకున్నాం. ఒక ఏడు పొక్లెయిన్ వచ్చింది కూడా, అక్టోబరు చివర్లో, ఈశాన్య వానలు పట్టుకున్నాక. నానిన కట్ట మీద సగం దూరం వచ్చి కూరుకుపోతే ఇంకో బండితో లాగించి తీసుకెళ్లిపోయారు.

2008లోనే కేంద్రం వాతావరణ మార్పులపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. అందులోని ఎనిమిది మిషన్లలో నీటికొకటి, సేద్యానికొకటి ఉన్నాయి. వాతావరణ మార్పులపై ప్రపంచ దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం కింద మన దేశం ఇచ్చిన హామీల్లో, 2030 నాటికి కరెంటు ఉత్పత్తి సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు లాంటి ఇంధనాలతో పని లేనిదై ఉండాలన్నారు. 2025లోనే, అయిదేళ్లు ముందుగా సాధించారు. మనస్ఫూర్తిగా సంతోషించాను. అంకె ఉంది, గడువు ఉంది, అడిగేవాళ్లున్నారు, పని జరిగింది. అదే హామీపత్రంలో వాతావరణ మార్పులకు తట్టుకునేలా సేద్యం, నీటి వనరుల మీద పెట్టుబడులు పెంచుతామని కూడా ఉంది. దానికి అంకె లేదు, గడువు లేదు. మా డ్రైను గతి ఇలా ఉండటానికి కారణం నాకు అక్కడే కనిపిస్తోంది.

హామీలను అయిదేళ్లకోసారి ఇంకా గట్టిగా రాయాలని ఆ ఒప్పందమే చెబుతోంది. రాసేటప్పుడు మండలం దాకా రాయండి. ఏ డ్రైను ఎన్ని కిలోమీటర్లు, ఏ తేదీకి, ఎవరి బాధ్యత అన్నది గ్రామ సచివాలయం గోడ మీద కనిపించాలి. నారు పోయిన రైతుకు స్వల్పకాలిక విత్తనం రైతు సేవా కేంద్రంలో ముందే సిద్ధంగా ఉండాలి. సాయం మాత్రం సాగు చేసేవాళ్ల చేతికే రావాలి. నా మాటల్లో మిగతావి పక్కనపెట్టినా ఈ ఒక్కటి వదలొద్దని అధికారులను వేడుకుంటున్నాను. మా ఊళ్లో సేద్యం చేసేది ఎక్కువగా కౌలుదారులే.

ఎడగారు (రెండో పంట) కోతలయ్యాక, ఈశాన్య వానలు దిగేలోపు కట్ట గట్టిగా ఉంటుంది, బండి తిరుగుతుంది. మా డ్రైను పొడవు రెండు కిలోమీటర్లు. సెప్టెంబరులో మొదలుపెడితే నాలుగు రోజుల పని.

– ఒక కౌలు రైతు,
కోవూరు మండలం, నెల్లూరు జిల్లా