లంక కూరగాయలకు చల్లదనం ఒక్కటే చాలదు

సంపాదకులు గారికి నమస్కారం.

గోదావరికి వరద హెచ్చరిక వచ్చిందంటే నది మధ్య లంకల్లో లేతదీ ముదురుదీ చూడకుండా బెండ, వంగ, దొండ, అరటి గెలలు అన్నీ కోసేసి పడవల మీద గట్టుకి చేరుస్తాం. అందరి సరుకూ ఒకే రోజు మార్కెట్లో పడుతుంది, ఇక అయినకాడికి అమ్ముకోవడమే. సరుకు ఒక్క వారం ఆగగలిగితే ఇంత నష్టం ఉండదు. అందుకే మనవాళ్లు కోల్డ్ రూములు అడుగుతున్నారు. కానీ అడిగేటప్పుడే లోపలి గాలి గురించి కూడా అడగాలని నా మాట.

కోసిన తర్వాత కూడా కాయ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, తనలోని చక్కెరను ఖర్చు చేసుకుంటూ వేడి వదులుతుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది. గాలి చొరబడని కంటైనర్లోకి నైట్రోజన్ పంపి దాన్ని 3, 5 శాతాల మధ్యకు తగ్గించి, కార్బన్ డయాక్సైడ్‌ను కొంచెం పెంచితే ఆ ఊపిరి నెమ్మదిస్తుంది, మగ్గడం ఆలస్యమవుతుంది. మరీ 1 శాతం లోపుకి దించితే మాత్రం కాయ లోపల పులిసి వాసన వస్తుంది. ఇదేమీ కొత్త ప్రయోగం కాదు, ఇంగ్లండ్‌లో కిడ్, వెస్ట్ అనే శాస్త్రవేత్తలు 1920ల్లోనే ఆపిల్ మీద చేసి చూపించారు. ఎగుమతి రకం పచ్చి అరటి 14 డిగ్రీల దగ్గర ఇలాంటి గాలిలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుతుంది. మన కర్పూర చక్కెరకేళి, అమృతపాణి ఎన్నాళ్లు ఆగుతాయో వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి రైతుకు అర్థమయ్యేలా చెప్పాలి.

చల్లగా పెడితే చాలదా అంటారు. చాలదు. 13 డిగ్రీల కంటే దిగితే అరటి తొక్క నల్లబడుతుంది, టమాటా, వంకాయ కూడా ఎక్కువ చలికి తట్టుకోవు. క్యాబేజీని పెట్టినట్టు వీటిని సున్నా డిగ్రీల దగ్గర పెట్టలేం. అలాగని గాలి మారిస్తే అన్నిటికీ ఒకేలా లాభం రాదు, అరటికి, టమాటాకి బాగా కనిపిస్తుంది, బెండకి, పచ్చిమిర్చికి కొద్దిగానే, వాటికి తగినంత చల్లదనం, 90 శాతం పైన తేమ ఉంటే సరిపోతుంది. ఇంకోటి, పండే అరటిని వంకాయతో కలిపి ఒకే గదిలో పెట్టకూడదు, పండు నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకి వంకాయ తొడిమలు ఊడిపోతాయి.

ఈ కంటైనర్లో గాలిని చూసుకునే ఆక్సిజన్ మీటరు మన డెల్టాకి కొత్త కాదు. రొయ్యల చెరువులో రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతుందేమోనని టెన్షన్‌తో ఏరేటర్లు తిప్పుకునే రైతులం. రొయ్యలకి ఫ్రీజర్ కంటైనర్లు తిరిగే రోడ్ల మీదే కూరగాయలు టార్పాలిన్ కింద ఉడికిపోతూ వెళ్తున్నాయి!

వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల దాకా అప్పుకి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది, సంతోషం. ఎకరం కౌలుకి చేసుకునేవాడికి ఆ అప్పు ఎవరిస్తారు? అందుకని రావులపాలెం లాంటి చోట మార్కెట్ కమిటీయే కంటైనర్ పెట్టి క్రేటుకి ఇంత అని అద్దె తీసుకోవాలి. పెట్టె కొని వదిలేస్తే కుదరదు, జనరేటర్, శిక్షణ ఉన్న మనిషి, తలుపుకి తాళం, ఆక్సిజన్ అలారం అన్నీ ఉండాల్సిందే. ఆక్సిజన్ తగ్గించిన ఆ గాలిలోకి తెలియక అడుగుపెట్టిన మనిషి క్షణాల్లోనే స్పృహ తప్పి పడిపోతాడు, ఏ వాసనా రాదు కాబట్టి ముందు తెలియదు కూడా.

ముందు ఒక్క యార్డులో ఒక సీజన్ నడిపి, పెట్టిన సరుకెంత, పాడైందెంత, ఖర్చులు పోను రైతు చేతికి వచ్చిందెంత అన్నది బోర్డు మీద రాసి పెట్టమని మార్కెటింగ్ శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక లంక రైతు, కోనసీమ