పొద్దుటి ఈత బ్యాచ్‌ను ఎత్తేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

హనుమకొండలో నేను రోజూ ఈతకు వెళ్లే ప్రభుత్వ స్విమ్మింగ్ పూల్ గేటుకు పోయిన సోమవారం ఒక కాగితం అంటించారు. ఏప్రిల్ 1 నుంచి పెద్దల బ్యాచ్‌లు ఉండవు, వేసవిలో పిల్లల శిబిరం మాత్రం నడుస్తుంది, కారణం నిధుల కొరత. స్కెచ్ పెన్నుతో మూడు లైన్లు. కింద సంతకం లేదు. ఆ పూల్ ఏ ఆఫీసు కిందికి వస్తుందో, ఆ కాగితం ఎవరు అంటించమన్నారో ఇక్కడ రాయను. ఎవరి మీదో కోపం తీర్చుకోవడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. పైగా ఆ ఆఫీసు వాళ్లే ఇద్దరు మా బ్యాచ్‌లో ఈదుతారు. కాగితం చూసి మాకంటే ఎక్కువ బిక్కమొహం వేసింది వాళ్లే.

మా బ్యాచ్ అంటే ఎవరో చెప్పాలి. పొద్దున ఐదున్నరకు మగవాళ్లు, ఆరున్నరకు ఆడవాళ్లు. రెండూ కలిపి నలభై మందికి అటూ ఇటూ ఉంటాం. రైల్వేలో రిటైరైన కాజీపేట పెద్దాయన, ఏనుమాముల మార్కెట్లో మిర్చి కొనే వ్యాపారి, ఇద్దరు నర్సులు, ఆటో నడిపే ఒక తమ్ముడు, టిఫిన్ సెంటర్ అక్క. అక్క మొదటి వాయి ఇడ్లీ దించి వస్తుంది, ఏడున్నరకల్లా మళ్లీ పొయ్యి దగ్గర ఉండాలి. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మమ్మల్ని మేం టీం అనుకుంటాం గానీ పతకాలు తెచ్చే టీం కాదు. 25 ఏళ్లు దాటినవాళ్లకు మాస్టర్స్ పోటీలుంటాయి, ఐదేళ్లకొక వయసు గ్రూపు. మా కాజీపేట పెద్దాయన ఒకసారి వెళ్లి నాలుగో స్థానంలో వచ్చాడు. ఈదింది నలుగురే అని ఆయనే చెప్పి నవ్వుతాడు.

నాకు 47వ ఏట మోకాళ్లు పట్టేశాయి. నడవమంటే నడవలేను, నడక మానేస్తే బరువు పెరుగుతాను. నడుము లోతు నీళ్లలో నిలబడితే కీళ్ల మీద పడే బరువు సగానికి తగ్గుతుంది, ఈతకు పొమ్మని డాక్టరే చెప్పాడు. నాకేమో ఈత అనగానే మా ఊరి వ్యవసాయ బావి గుర్తొచ్చింది. మగపిల్లలు మునగ బెండ్లు కట్టుకుని, తర్వాత తర్వాత ట్రాక్టర్ ట్యూబులేసుకుని అందులో దూకేవాళ్లు. మమ్మల్ని గట్టు దాకా కూడా రానిచ్చేవాళ్లు కాదు. అలా పెరిగిన మనిషిని నలభై ఏడేళ్లకు నీళ్లలో దించితే ఎట్లా ఉంటుంది? మొదటి పది రోజులు గట్టు పక్కన కడ్డీ వదల్లేదు. కోచ్ వెదురు కర్ర పట్టుకుని గట్టు మీద నడుస్తూ ఒకటే మాట: "మేడం, నీళ్లను కొట్టకండి. గాలి వదలండి. నీళ్లలోకే వదలండి." పదకొండో రోజు ముఖం ముంచి గాలి వదిలాను. పక్కవాళ్ల మాటలు, రోడ్డు మీది హారన్లు అన్నీ ఆగిపోయి నా బుడగల చప్పుడొక్కటే వినిపించింది. కాళ్లు వాటంతటవే పైకి తేలాయి. లేచి చూస్తే కడ్డీ నాలుగడుగుల దూరంలో ఉంది. ఎప్పుడు వదిలానో నాకే తెలియదు. ఆ రోజు టిఫిన్ సెంటర్ అక్క నా దగ్గర ఇడ్లీకి డబ్బులు తీసుకోలేదు.

హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల నలభై దాటాకే ఈత నేర్చుకుని 2021లో మనకూ శ్రీలంకకూ మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదారు. మాకు మా పూల్ 25 మీటర్లే జలసంధి. అయినా ఒక గట్టు నుంచి రెండో గట్టుకు ఆగకుండా చేరిన రోజు అందరం చప్పట్లు కొడతాం.

ఇక డబ్బుల సంగతి. లెక్కల టీచర్ని కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. మా పూల్ పొడవు 25 మీటర్లు, వెడల్పు పన్నెండున్నర. సగటు లోతు ఒకటిన్నర మీటరు వేసుకున్నా అందులో పట్టేవి 4 లక్షల 68 వేల లీటర్ల నీళ్లు. ఆ నీళ్లు మోటార్‌తో ఇసుక ఫిల్టర్ గుండా తిరుగుతూనే ఉండాలి. క్లోరిన్ పడుతూనే ఉండాలి. ఫిల్టర్‌ను ఎప్పటికప్పుడు నీళ్లు వెనక్కి తిప్పి కడగాలి. నలభై మంది ఈదినా నలుగురు ఈదినా మోటార్ కరెంటు మోటార్ తాగుతుంది. వద్దులే అని నాలుగు రోజులు ఆపితే, మన ఎండలకు నీళ్లు పాకురు పట్టి పచ్చబడతాయి. అప్పుడు మొత్తం వదిలేసి మళ్లీ నింపాలి, గోడలు తోమించాలి. ఏప్రిల్లో పిల్లల శిబిరం ఉంది కాబట్టి పూల్ నింపి ఉంచక తప్పదు. మరి పొద్దుటి బ్యాచ్ తీసేస్తే మిగిలేదేమిటి? ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసే ఒక లైఫ్‌గార్డ్ పొద్దుటి డ్యూటీ, కోచ్‌కిచ్చే పారితోషికంలో కొంత, రెండు గంటల లైట్లు. అంతే. అదే సమయంలో మేం నెలనెలా కట్టే ఫీజు పోతుంది.

అసలు చిక్కు ఇంకోచోట ఉందని నాకనిపిస్తోంది. మేం కట్టే ఫీజు ఒక పద్దులో జమవుతుంది, పూల్ ఖర్చు ఇంకో పద్దులో రాస్తారు. బడ్జెట్ కాగితం మీద చూసేవాళ్లకు ఖర్చే కనపడుతుంది, రాబడి కనపడదు. ఏ ఇంట్లోనైనా జీతం ఒక నోట్‌బుక్‌లో, కిరాణా ఒక నోట్‌బుక్‌లో రాసి, కిరాణా పుస్తకం మాత్రమే తెరిస్తే ఆ ఇల్లు ఎప్పుడూ దివాలా తీసినట్టే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూపించమని అడిగాం. చూస్తామన్నారు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదామంటే జవాబుకు 30 రోజుల గడువుంటుంది, ఆలోపు మార్చి దాటిపోతుంది. అందుకే మీ పత్రికకు రాస్తున్నాను.

వానొస్తే కాలనీలు మునిగే ఊళ్లో, నాలాల్లో పూడిక తీయించడానికే డబ్బుల్లేనప్పుడు మీ ఈత సరదాలేంటని ఒక బంధువు మొహం మీదే అడిగాడు. అడగాల్సిన మాటే. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కి హెలికాప్టర్ల కోసం ఎదురుచూశారు. నాలాలు ముందు అంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ పొద్దుటి లైఫ్‌గార్డ్ జీతం ఆపితే ఎన్ని మీటర్ల నాలా తవ్వుతారో ఎవరైనా చెప్పాలి.

ఇంకో మాట. వరదలో దూకడానికి మేం ఈత నేర్చుకోవడం లేదు. కోచ్ మొదట చెప్పేదే దూకొద్దని. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కల ప్రకారం 2022లో దేశంలో నీళ్లలో మునిగి చనిపోయినవాళ్లు 38 వేలకు పైనే. కాపాడబోయినవాడు కూడా మునిగాడు అనే వార్త మీ పత్రికలోనే ప్రతి ఎండాకాలం చదువుతుంటాం. మునిగేవాడు అందినదాన్నల్లా గట్టిగా కరిచిపట్టుకుంటాడు, ఎదురుగా వెళ్లినవాడిని కూడా. అందుకని నెలకో శనివారం మాతో ఈత మాన్పించి విసరడం నేర్పిస్తారు. ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాకు మూత బిగించి, పిడికి తాడు కట్టి, మనిషి తల దాటి అవతల పడేలా విసిరి మెల్లగా లాగాలి. అది లేకపోతే కర్ర, కర్ర లేకపోతే చీర. మా ఆటో తమ్ముడు ఆ డబ్బా ఒకటి సీటు కింద పెట్టుకుని తిరుగుతాడు. మొన్నటి వినాయక నిమజ్జనంలో ఒక చెరువు మెట్ల దగ్గర కాలు జారిన పిల్లవాడు ఆ డబ్బా పట్టుకునే బయటికొచ్చాడు. ఎవరూ చనిపోలేదు కాబట్టి అది వార్త కాలేదు.

మేడారం జాతరప్పుడు జంపన్న వాగు పొడుగునా గజ ఈతగాళ్లను నిలబెడతాం. మిగతా రోజుల్లో మన మధ్య ఈతగాళ్లు ఎక్కడి నుంచి పుట్టుకొస్తారు? పాత బావుల్లో కొన్ని పూడ్చేశారు, బోర్లు పడ్డాక కొన్ని ఎండిపోయాయి. భద్రకాళి, వడ్డేపల్లి, ధర్మసాగర్ మనం తాగే నీళ్లు, వాటిలో దిగకూడదు, దిగొద్దు కూడా. పాకాల, రామప్ప, లక్నవరం చూడటానికి బస్సులేసుకుని పిల్లల్ని తీసుకెళ్లే టీచర్లలో ఎంతమందికి ఈత వచ్చు? నాకు ఐదేళ్ల కిందటి దాకా రాదు. అయినా ప్రతి ఏడూ తీసుకెళ్లేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే భయమేస్తుంది.

ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఈ రోజు లైబ్రరీకి ఎంతమంది వచ్చారని లెక్కపెట్టి తాళం వేయమని ఎవరం అడగలేదు, అడగం. మొక్కల కోసం బడ్జెట్‌లో 10 శాతం పక్కన పెట్టాలని 2019 మున్సిపల్ చట్టమే చెప్పింది, మంచిదే. మేం ఈతకు శాతాలు అడగడం లేదు. పూల్ రాబడి, ఖర్చు ఒకే కాగితం మీద రాసి, బడ్జెట్ ఖరారయ్యే లోపు గేటుకు అంటించమని అడుగుతున్నాం. ఈసారి కింద సంతకంతో. నిజంగా లోటుంటే ఫీజు పెంచండి. మిర్చి వ్యాపారి, నేను, పెన్షనొచ్చే పెద్దాయన ఎక్కువ కట్టగలం. ఆటో తమ్ముడికి, టిఫిన్ అక్కకు మాత్రం పాత ఫీజే ఉంచండి. అప్పటికీ చాలకపోతే వారానికి మూడు రోజులే తెరవండి, సర్దుకుంటాం. ఆడవాళ్ల గంట తీసేసి మగవాళ్ల గంట ఉంచుదామనే ఆలోచన మాత్రం ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి. మగవాళ్లకు కనీసం చిన్నప్పుడు బావైనా దొరికింది.

బడ్జెట్ రాసేవాళ్లు ఎవరైనా ఒకరోజు పొద్దున ఐదున్నరకు వచ్చి గట్టు మీద కూర్చుని చూడొచ్చు. దిగుతామన్నా సంతోషమే. నా దగ్గర క్యాప్ ఒకటి ఎక్కువుంది, తెస్తాను.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
హనుమకొండ