ఈ దసరా సెలవుల ఇంటిపని: ఒక పీట

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఈ దసరా సెలవుల్లో రాతపని ఏమీ ఇవ్వడం లేదు. అమ్మతోనో నాన్నతోనో తాతయ్యతోనో కలిసి ఒక చెక్క పీట చేసి తేవాలి. భోజనానికి వేసుకునే పీటే: ఒక పలక, దాని కింద రెండు అడ్డపట్టీలు. కుర్చీలు, బల్లల జోలికి పోవద్దు.

బజారులో ప్లాస్టిక్ పీట దొరుకుతుంది కదా అని ఒకరిద్దరు అప్పుడే అడిగారు. దొరుకుతుంది. కిందటి ఏడాది సైన్సు ప్రదర్శనకు వచ్చిన అగ్నిపర్వతాలూ బజారులో దొరికినవేనని మీకూ తెలుసు, మాకూ తెలుసు. మూడు అగ్నిపర్వతాలు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. 'ఎలా చేశావు' అని పిల్లలను అడగడానికి నాకే మొహమాటం వేసింది.

పిల్లల పని పిల్లలను చేయనివ్వని తప్పు నేనూ చేసినవాడినే. మా అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా ఇద్దరం పుస్తకాల అర చేద్దామని కూర్చున్నాం. కోత వంకరపోతోందని రంపం నేను తీసుకున్నాను. మేకు వంగిందని సుత్తీ తీసుకున్నాను. సాయంత్రానికి అర తయారైంది, అమ్మాయి చేతిలో మేకుల డబ్బా మిగిలింది. ఆ అర ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చూసినప్పుడల్లా నాకు కాస్త సిగ్గుగానే ఉంటుంది.

2020 జాతీయ విద్యా విధానం ఈ మూడు తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేని బడి ఉండాలనీ, వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర పని నేర్వాలనీ చెప్పింది. మంచి మాటే. కానీ ఒక్క వడ్రంగి చుట్టూ అరవై మంది నిలబడి చూస్తే అది వేడుక అవుతుంది గాని పని కాదు. అందుకే పనిని మీ ఇంటికి పంపుతున్నాం.

కలప కొత్తది కొనవద్దు. అడితిలో మిగిలిన ముక్కలు, పాత తలుపు చెక్క, విరిగిన మంచం పట్టె, ఏదైనా సరే. వేప దొరికితే మంచిది, చెదలు త్వరగా పట్టవు. ప్లైవుడ్ వద్దు, అంచులోకి మేకు దిగితే పొరలు విచ్చుకుంటాయి.

అడ్డపట్టీల కోసం 60 సెంటీమీటర్ల పట్టీని సరిగ్గా 30 చొప్పున రెండు ముక్కలు చేయమనండి. రెండూ 30 రావు. రంపం పళ్లు పట్టినంత మేర, ఒకటి రెండు మిల్లీమీటర్లు, పొట్టుగా రాలిపోతుంది. పిల్లలే కొలుచుకుని తెల్లబోయేదాకా ఈ సంగతి చెప్పకండి. పలకకు ఎదురెదురు భుజాలు సమానమై, కర్ణాలు రెండూ ఒకే కొలత వస్తే మూలలు సరిగా ఉన్నట్టే. ఎందుకో ఎనిమిదో తరగతివారు నాకు చెప్పాలి.

చెక్క కొసకు దగ్గరగా మేకు దిగగొడితే చీలుతుంది. వడ్రంగులు ముందుగా సన్నటి బెజ్జం వేస్తారు, లేదంటే మేకు మొనను సుత్తితో ఒక్క దెబ్బ వేసి మొద్దు చేస్తారు. పదును మొన చెక్క పోగులను పక్కలకు నెట్టి చీలుస్తుంది, మొద్దు మొన వాటిని తెంపుకుంటూ దిగుతుంది. ఒక ముక్క చీలాక చెబితే ఇది బాగా గుర్తుంటుంది.

చెక్కను మీరు తొక్కిపట్టండి, కోత పిల్లలది. ఆడపిల్లలకు గరుకు కాగితం, మగపిల్లలకు రంపం అనే పంపకం వద్దు. కరెంటు రంపాలు, కరెంటు బరమాలు (డ్రిల్లులు) పిల్లల చేతికి ఇవ్వవద్దు. మిగతావన్నీ విన్నపాలే, ఇది మాత్రం నిబంధన.

సెలవుల తర్వాత వచ్చే మొదటి శనివారం పీటలు బడికి తేవాలి. మధ్యాహ్న భోజనం వాటి మీదే. ఊగే పీటకు మార్కులు తగ్గించం. వార్నిషు మెరుపుతో వచ్చిన పీట కనిపిస్తే మాత్రం, ఏ మేకు ఎక్కడ వంగిందో ఆ పిల్లలను అడుగుతాం.

బడిలో చేతి రంపాలు ఆరే ఉన్నాయి. కావలసినవారు సెలవులకు ముందు శుక్రవారం లోగా ఆఫీసు గదిలో పేరు రాయించుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు పళ్లకు కాస్త నూనె రాసి ఇవ్వండి, కిందటిసారి రెండు తుప్పు పట్టి వచ్చాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు