మూడో నంబరు ఎగరేస్తే ప్రమాదమేనా?

సంపాదకులకు నమస్కారం.

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త కనపడితే విశాఖలో ఎవరూ పేజీ తిప్పరు. అయితే వాతావరణ శాఖ బులెటిన్‌లో వేర్వేరు అర్థాలున్న ఇంగ్లిష్ మాటలన్నీ పత్రికలో ‘హెచ్చరిక’, ‘ప్రమాదం’ అనే రెండింటిలో కలిసిపోతున్నాయి.

ప్రీ సైక్లోన్ వాచ్ అంటే కనీసం 72 గంటల ముందు, ఇక సముద్రం మీద కన్నేసి ఉంచండని చెప్పడం. అలర్ట్ 48 గంటల ముందు, వార్నింగ్ 24 గంటల ముందు. తీరం ఎక్కడ దాటవచ్చో చెప్పేది వార్నింగులోనే. ఈ 48, 24 గంటలను తుపాను తీరం దాటే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టకూడదు. తీరంలో గాలివాన మొదలయ్యే వేళ నుంచే లెక్క. రోజుల తరబడి వేటలో ఉండే మరబోట్లకు వాచ్ నాడే కబురు అందాలి. మూడింటికీ ‘హెచ్చరిక’ అని రాస్తే తిరిగి రావడానికి ఎంత వ్యవధి ఉందో ఎవరికి తెలుస్తుంది?

ఓడలకు తెలిసేలా పోర్టులో ఎగరేసే 1 నుంచి 11 నంబర్ల సిగ్నళ్ల దగ్గర గందరగోళం ఇంకా ఎక్కువ. ‘విశాఖ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని రాస్తుంటారు. 1, 2 నంబర్లు దూరాన సముద్రంలో ఉన్న వాయుగుండం, తుపాను లాంటివాటి గురించి. 3 అంటే పోర్టు దగ్గర ఈదురుగాలులు వీచవచ్చు, జాగ్రత్త అని మాత్రమే. ‘డేంజర్’ అన్న మాట 5తో మొదలై 7 దాకా ఉంటుంది. 8, 9, 10 ‘గ్రేట్ డేంజర్’. 11 వేరే సంగతి, వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

5 కంటే 6 పెద్దదనుకోవడం కూడా పొరపాటే. ఆ రెంటికీ తేడా తీవ్రతలో లేదు, దారిలో ఉంది. తుపాను వెళ్లే దిక్కుకు తిరిగి నిలబడితే పోర్టు ఎడమ పక్కన పడితే 5, కుడి పక్కన పడితే 6, పోర్టు మీదుగానో బాగా దగ్గరగానో వెళ్తే 7. తుపాను వాయవ్యంగా వచ్చి కళింగపట్నం వైపు దాటిందనుకోండి, విశాఖ ఎడమన ఉంటుంది, గాలి ఎక్కువగా నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. కాకినాడ వైపు దాటితే విశాఖ కుడిన. మన దగ్గర తుపాను గాలి గడియారం ముళ్లకు ఎదురు తిరుగుతుంది కాబట్టి అప్పుడు సముద్రపు నీటిని ఒడ్డు మీదికి నెడుతుంది. జాలరిపేట, భీమిలి వాళ్లకు ఉప్పెన బెడద అప్పుడే. 8, 9, 10లోనూ ఇదే వరస, కాకపోతే తుపాను తీవ్రమైనది.

గాలి వేగం: ‘గంటకు 70–80 కి.మీ., గస్ట్ 90’ అని బులెటిన్‌లో ఉంటే పత్రికలో 90 ఒక్కటే మిగులుతోంది. మొదటిది మూడు నిమిషాల సగటు, తుపాను స్థాయిని తేల్చేది అదే. గస్ట్ కొన్ని సెకన్ల విసురు. రేకుల కప్పులు, హోర్డింగులు లేచిపోయేది ఎక్కువగా దానికే. వేగం 70 నుంచి 100కు పెరిగితే రేకు మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. అందుకే రెండు అంకెలూ వేయాలి. హరికేన్, టైఫూన్ కూడా సైక్లోన్లే, సముద్రాన్ని బట్టి పేరు మారింది, అంతే. కాకపోతే అమెరికా లెక్క ఒక నిమిషం సగటు, జపాన్‌ది పది నిమిషాలు. ఆ అంకెలను మనవాటి పక్కన పెట్టి పోల్చడం కుదరదు.

వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను (గాలి గంటకు 62 నుంచి 88 కి.మీ.), తీవ్ర తుపాను (117 దాకా) అని మన పత్రికలు పెట్టుకున్న పేర్లు చక్కగా ఉన్నాయి. ఆపైన ‘వెరీ సివియర్’, ‘ఎక్స్‌ట్రీమ్లీ సివియర్’ రెండూ ‘అతి తీవ్రం’ అయిపోతున్నాయి. 167 కి.మీ. దాటితేనే రెండోది. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్‌ను అప్పట్లో ‘వెరీ సివియర్’ అన్నారు. రెండో మాట మన దగ్గర 2015లో గానీ రాలేదు.

వాన సంగతికొస్తే, 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే ‘హెవీ’, 115.5 దాటితే ‘వెరీ హెవీ’, 204.4 దాటితే ‘ఎక్స్‌ట్రీమ్లీ హెవీ’. పక్కన ‘ఐసొలేటెడ్’ అని ఉంటే ఒకటి రెండు చోట్ల అని అర్థం. ఆ మాట వదిలేసి ‘ఉత్తరాంధ్రకు అతి భారీ వర్షాలు’ అని శీర్షిక పెట్టడం అన్యాయం.

ఇంకొకటి. బులెటిన్ ఎన్ని గంటలకు వెలువడిందో కూడా వార్తలో వేయండి. తుపాను వేళ మూడు గంటలకోసారి కొత్తది వస్తుంది, రాత్రి మీరు అచ్చు వేసింది పొద్దున్న మా చేతికొచ్చేసరికి పాతబడి ఉంటుంది.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం