బేరింగుల బండికి మావయ్యని అడగక్కర్లేదు

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

చిన్నా,

పొద్దున ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "పాపకి స్కూల్లో ప్రాజెక్టటమ్మా, బేరింగుల బండి ఎలా చేస్తారో మావయ్యని అడిగి చెప్పవా" అన్నావు. మావయ్యనెందుకురా అడగడం? వాడు తోసేవాడు. నడిపింది నేను. ఇరుసు చెక్కిందీ నేనే. కోడలు పక్కనే ఉందని అప్పుడు ఊరుకున్నాను.

1979 వేసవి. నాకు పన్నెండేళ్లు, మావయ్యకి పద్నాలుగు. మహారాణిపేటలో అద్దెకుండేవాళ్లం. అప్పటిదాకా మాకు బండంటే భీమిలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో ముంజెలు తినేశాక మిగిలిన తాటిబుర్రలతో చేసేదే. రెండు బుర్రలు పుల్లకి గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ పరిగెత్తడం. ఎక్కడానికి కుదరదు. ఎక్కి కూర్చునేది కావాలనిపించింది. ఈ ఊళ్లో ఎటు తిరిగినా డౌనే కదా, ఊరికే జారిపోయే రోడ్లు పెట్టుకుని కాళ్లీడ్చడమెందుకని.

మావయ్య లారీ షెడ్డుకెళ్లి, మేస్త్రీకి టీలు మోసి మోసి మొదట ఓ పెద్ద బేరింగు తెచ్చాడు. లారీ చక్రానిది. దాన్నే చక్రంగా ఎంత గొప్పగా బిగించామో! బండి పైకెత్తగానే బయటి రింగు ఊడి వాడి కాలిమీద పడింది. అది ఏటవాలు రోలర్ల రకం, పై గిన్నె విడిగా వచ్చేస్తుంది. మనక్కావాల్సింది గోళీల బేరింగు. పాప చేత ఇది ముందు రాయించు.

తరవాత మూడు దొరికాయి, అరిగినవే. మూడింటి మీదా 6205 అని చెక్కి ఉంది. ఆ అంకె ఏమిటో నాకు పెళ్లయ్యాక మీ నాన్న చెప్పారు. చివరి రెండంకెల్ని ఐదుతో గుణిస్తే లోపలి బెజ్జం కొలత వస్తుందట. 05 అంటే 25 మిల్లీమీటర్లు. స్టీల్‌ప్లాంటు మనిషి కదా, పెళ్లైన కొత్తలో కబుర్లూ అవే.

రేషన్ కిరసనాయిల్లో కడిగితే లోపలి గోళీలు మెరిసిపోయాయి. వేలికి తొడుక్కుని విసిరితే ఒకటే తిరుగుడు! ఆ రాత్రి దీపంలో నూనె తక్కువైందని మీ అమ్మమ్మ ఇంటిల్లిపాదినీ తిట్టింది.

ఇరుసుకి సరుగుడు కర్ర. కొసలు చాకుతో చెక్కుతూ పోవాలి, బేరింగు కాస్త బిగువుగా పట్టేలా. ఎక్కువ చెక్కేస్తే గుడ్డపీలిక చుట్టి ఎక్కించాలి. సుత్తిదెబ్బ లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద కొడితే గోళీలు నొక్కుకుపోయి చక్రం పట్టేస్తుంది. వెనక రెండు, ముందు ఒకటి. కూర్చునే బల్ల దేవదారు పెట్టె చెక్క. ముందు కర్ర ఒక్క బోల్టు మీద అటూ ఇటూ తిరగాలి, దాన్ని పాదాలతో తిప్పాలి. అదే స్టీరింగు. బ్రేకు అంటావా, ఆ మాటకే వస్తున్నాను.

పాండురంగాపురం డౌన్ నీకు తెలుసుగా, పైనుంచి చూస్తే రోడ్డు చివర సముద్రం గోడలా నిలబడి ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి రోడ్డు మీద పురుగు లేదు. తేలిగ్గా ఉంటానని నన్ను కూర్చోబెట్టాడు. లంగా మోకాళ్ల కిందికి దోపుకున్నాను. ఓ తోపు తోశాడు.

ఆ చప్పుడు ఎలా రాయనురా! తారురోడ్డు మీద ఇనుము గర్రుమంటూ, ఆ అదురు పళ్లలోకి, పుర్రెలోకి ఎక్కేస్తుంది. వెనకనుంచి మావయ్య అరుపు మొదట వినపడింది, తరవాత లేదు. వాడు ఆగిపోయాడని అప్పుడు తెలిసింది. కాలికున్న హవాయి చెప్పు రోడ్డుకి ఆనించాను. కాలిన రబ్బరు వాసన వచ్చింది, చెప్పు వెనక్కి ఎగిరిపోయింది. అడుగున బీచిరోడ్డుకి అడ్డంగా ఓ రిక్షా. ముందు కర్ర తన్ని ఇసకలోకి తిప్పాను. 15 మిల్లీమీటర్ల మందం చక్రం ఇసకలో ఏం తిరుగుతుంది? బండి అక్కడికక్కడే దిగబడింది. నేను మాత్రం ఆగలేదు.

నా ఎడమ మోకాలి మీది మచ్చ అదే. కుళాయి దగ్గర జారిపడ్డానని అమ్మమ్మకి చెప్పమన్నది మావయ్య. నీకూ అదే చెప్పాను. అమ్మమ్మ నమ్మలేదనుకుంటాను. కుళాయి దగ్గర పడితే జడలోకి ఇసకెలా వస్తుంది? ఏమీ అడక్కుండా టింక్చర్ అయోడిన్ పోసింది. మర్నాటికి బల్ల పొయ్యిలోకి పోయింది. మావయ్యకి మాత్రం ఆ పండక్కి సైకిలు కొన్నారు, నాకు ఓణీ. ఆ సైకిలు గురించి ఇప్పుడెందుకులే.

2002లో ఆ బీచిరోడ్డు మీదే కురుసుర జలాంతర్గామి మ్యూజియం తెరిచిన కొత్తలో నిన్ను తీసుకెళ్లాం, గుర్తుందా? అంత లావు ఇనప చేపని సముద్రంలోంచి ఇసకలోకి ఎలా లాగారని క్యూలో మీ నాన్నని చంపుకుతిన్నావు. నేను మాత్రం వెనక్కి తిరిగి ఆ డౌన్ వైపే చూస్తున్నాను. "ఏమ్మా, తలనొప్పా" అన్నావు. అవునన్నాను.

ఇంకో సంగతి. వంటింట్లో గ్యాసు రసీదుల మీద బరువుకి పెట్టే ఇనప ఉంగరం లేదూ, చిన్నప్పుడు నువ్వు దాన్ని తిప్పుకుంటూ అన్నం తినేవాడివి? అది ముందు చక్రం. బల్ల కాల్చేసినా మూడింట్లో అదొక్కటి అమ్మమ్మ ఎందుకు దాచిందో నాకు తెలీదు, నా కాపురానికి పంపిన ఇత్తడి సామాన్లలో దొరికింది.

రేపు కొరియర్‌లో పంపిస్తున్నాను. మిగతా రెండూ అదే నంబరువి అక్కడే కొను. ఓ కర్రకి టైరు ముక్క మేకులతో కొట్టి, చేత్తో నొక్కితే రోడ్డుకి ఆనేలా వెనక బ్రేకు పెట్టాకే పాపని ఎక్కించు. తోసేవాడివి నువ్వు.

మోకాలి సంగతి కోడలికి చదివి వినిపించకు. మావయ్యకైతే తప్పకుండా వినిపించు.

అమ్మ