వార్షిక నివేదిక: త్సుత్సుయి పరిశోధన, మన షెడ్ల లైటింగ్

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది జమాఖర్చులు, ఆడిట్ కాపీ విడిగా జతచేశాం. టీకాలు, మేత ముడిసరుకు ఉమ్మడి కొనుగోలు ఎప్పటిలాగే సాగాయి. ఎక్కువ సమయం తీసుకున్నది లైటింగ్ తరగతులే. వాటికి జపాన్ శాస్త్రవేత్త కజుయోషి త్సుత్సుయి పరిశోధనను ఆధారంగా పెట్టుకున్నాం. ఆయన ఎక్కువగా పనిచేసింది మనం పెంచే జపనీస్ కౌజు పిట్టల మీదే.

పెట్ట గుడ్డుకు రావాలంటే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ వచ్చి, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి చేత ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే పునరుత్పత్తి హార్మోన్లను విడుదల చేయించాలి. క్షీరదాల్లో జీఎన్‌ఆర్‌హెచ్ నిర్మాణం 1971లోనే తేలింది. దీనికి ఎదురు పనిచేసే హార్మోన్ ఒకటుందని తేలడానికి మాత్రం మరో మూడు దశాబ్దాలు పట్టింది. హిరోషిమా యూనివర్సిటీలో ఉన్న త్సుత్సుయి బృందం 2000లో కౌజు పిట్ట మెదడు నుంచి 12 అమైనో ఆమ్లాల గొలుసైన చిన్న పెప్టైడ్‌ను వేరుచేసింది. అది పిట్యూటరీ నుంచి ఎల్‌హెచ్ విడుదలను తగ్గించింది. జీఎన్‌ఆర్‌హెచ్‌కు ఎదురు పనిచేసే ఆ హార్మోనే జీఎన్‌ఐహెచ్. పక్షి మెదడు కొలెస్టరాల్ నుంచి సొంతంగా స్టిరాయిడ్లు తయారుచేసుకుంటుందని అంతకుముందే చూపిందీ ఆయనే. ఆ తర్వాత ఆయన వసేడా యూనివర్సిటీకి మారారు.

మనకు పనికొచ్చేది 2005 నాటి ప్రయోగం. మెలటోనిన్ అనే హార్మోన్ ఊరే మెదడులోని పీనియల్ గ్రంథిని, కళ్లను తీసేస్తే కౌజు పిట్టల్లో జీఎన్‌ఐహెచ్ తగ్గింది. మెలటోనిన్ ఇస్తే మళ్లీ పెరిగింది. మెలటోనిన్ చీకట్లో ఊరేది. అంటే రాత్రి పొడవైనకొద్దీ గుడ్డును ఆపే సంకేతం బలపడుతుంది. 2006లో ఎదిగిన మగ పిట్టలకు రెండు వారాలపాటు చిన్న పంపుతో జీఎన్‌ఐహెచ్ ఎక్కిస్తే వృషణాలు కుంచించుకుపోయాయి, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ పడిపోయింది.

దీన్ని షెడ్డులో చూడటం తేలిక. మగ కౌజు పిట్ట మలద్వారం పైన ఉన్న గ్రంథిని మెల్లగా నొక్కండి. ఎర్రగా ఉబ్బి, తెల్లటి నురగ వస్తే టెస్టోస్టెరాన్ బాగున్నట్టే. ఆరేడు వారాలు దాటినా గ్రంథి చిన్నగా ఉంటే మందుల షాపుకు వెళ్లేముందు వెలుతురు చూడండి. అంతస్తుల కేజ్‌లలో పైవరుస పిట్టలకు నురగ వచ్చి, అడుగు వరుసకు రాకపోవడానికి తరచూ కారణం పై ట్రే నీడే. వెలుతురును కొలిచే లక్స్ మీటరును మేత తొట్టి ఎత్తులో, అడుగు వరుసలో పెట్టి కొలవాలి. బల్బు కింద కొలిస్తే ఉపయోగం లేదు. కనీసం 10 లక్స్ కావాలి, 20 ఉంటే ఇంకా మంచిది. బల్బుల మీద దుమ్ము వారానికోసారి తుడవాలి. పక్షి మెదడు లోపలే కాంతిని గుర్తించే కణాలున్నాయి, ఎర్ర కాంతి పుర్రెను బాగా దాటుతుంది. కాబట్టి నీలిఛాయ ఎల్‌ఈడీ కంటే వెచ్చని తెలుపు నయం.

లేయర్ల (గుడ్ల కోళ్ల) సంగతి వేరు. మన షెడ్లు పక్కలు తెరిచినవి, సహజ పగలును తగ్గించలేం. మన ప్రాంతంలో పగలు డిసెంబరులో సుమారు 11 గంటలు, జూన్‌లో సుమారు 13 గంటలు. డిసెంబరు చివర్లో దిగిన బ్యాచ్ పెరుగుతున్న పగటిలో ఎదుగుతుంది కాబట్టి బరువు రాకముందే గుడ్డుకు వస్తుంది. గుడ్డు చిన్నది, ప్రొలాప్స్ (గుడ్డు నాళం బయటికి జారడం) కేసులు ఎక్కువ. అలాంటి బ్యాచ్‌కు 8 వారాల నుంచి లైట్లతో రోజూ కచ్చితంగా 13 గంటలే ఇస్తే పగలు పెరుగుతున్నట్టు కోడికి తెలియదు. జూన్, జూలై బ్యాచ్‌లకు ఈ గొడవ లేదు, తగ్గే పగలే వాటిని ఆపుతుంది. ఏ బ్యాచ్‌కైనా ఆ జాతి బ్రీడ్ చార్టులో చెప్పిన బరువు అందాకే, 18 వారాల ప్రాంతంలో, వారానికి అరగంట చొప్పున పెంచుతూ 16 గంటలకు చేరాలి. గుడ్డు మొదలయ్యాక మాత్రం తగ్గించకూడదు.

పెంచే గంటల్ని సాయంత్రం కాకుండా తెల్లవారుజామున పెట్టమని కమిటీ సలహా. సాయంత్రం కరెంటు పోతే రాత్రి ముందే మొదలైపోతుంది. ఒక్కరోజుకు ఏమీ కాదు గానీ వారాలపాటు సాగితే దిగుబడి జారుతుంది. బ్యాటరీ లేని టైమర్ కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం వెనకబడుతుంది. ఫోన్ సమయంతో పోల్చి చూడటం తప్పనిసరి.

ఇంకొకటి. గుడ్లు పెంచే “హార్మోన్ పొడి” అంటూ మేతలో కలపడానికి కొందరు అమ్ముతున్నారు. ఈ హార్మోన్లు పెప్టైడ్లు. మేతలో వేస్తే పేగులో మాంసకృత్తుల్లాగే అరిగిపోతాయి. త్సుత్సుయి బృందం కూడా మేతలో కలపలేదు, పంపుతోనే ఎక్కించింది. ఆ డబ్బుతో మంచి టైమర్ కొనుక్కోండి.

లక్స్ మీటరు సంఘం ఆఫీసులో ఉంది. కార్యదర్శి దగ్గర సంతకం పెట్టి తీసుకెళ్లి, మూడు రోజుల్లో తిరిగి ఇవ్వాలి.